నవ్వుకు పది చీరలు

ఏడో తరగతిలో రెండేళ్లు కూర్చున్నాను. మూడో ఏడూ అక్కడే కూర్చుంటే బెంచీకి కిరాయి అడుగుతారని బయటికి వచ్చేశాను. చదువు అంటకపోయినా నోరు బాగా తిరిగింది. ఆ నోటితోనే పాతబస్తీలో ఒక చీరల దుకాణంలో సేల్స్‌మన్‌నయ్యాను.

చీరలు తీసి పరచడం నా పని. వాటిని మళ్లీ మడత పెట్టడం గౌలిపుర నుంచి వచ్చే, నేను అన్న అని పిలిచే ఆయన పని. ఇదివరకు మడతలకు ముగ్గురుండేవారు. ఇద్దరు మానేస్తే సేఠ్ కొత్తవాళ్లను పెట్టలేదు. "సీజన్ గద, జెర అడ్జస్ట్ చేస్కోండ్రి" అన్నాడు.

నేను పెళ్లివారిని నవ్విస్తుంటే సేఠ్ మురిసిపోయేవాడు. నవ్వినవాళ్లు లేచి వెళ్లరు. ఇంకొకటి చూపించమంటారు, ఊళ్లో ఉన్న మేనత్తకు వీడియో కాల్ చేసి ఆమె కోసం మళ్లీ పరచమంటారు. అందరూ నవ్వేవారు, అన్న తప్ప. "అన్నా, నీ నవ్వు గూడ మడతవెట్టి ర్యాకుల దాచినవా ఏంది?" అని ఆటపట్టించేవాణ్ని.

ఒకరోజు షట్టర్ దించేవేళకు అన్న ముందు కుప్ప మిగిలిపోయింది. "రేపు గూడ మిగిల్తే ఎల్లుండి రాకు" అన్నాడు సేఠ్, అందరి ముందు.

మర్నాడు అన్న వాచిన మణికట్లకు గుడ్డ చుట్టుకుని వచ్చాడు. నన్ను పక్కకు పిలిచాడు. "తమ్మీ, ఇయ్యాల జెర తక్కువ మాట్లాడు." ఎందుకో చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ రోజు వచ్చిన పెళ్లివారిని నవ్వించడానికి నాకదీ సరుకే అయింది. "మా అన్న నన్ను నోరు మూస్కోమంటుండమ్మా. మూస్కుంటే ఈ మొఖం జూసి చీరలెవరు కొంటరు?" అన్నాను. పెళ్లికూతురు పొట్ట పట్టుకుని నవ్వింది. వాళ్లు సాయంత్రం దాకా కదల్లేదు.

అప్పటికి అన్న ముందు చీరలు నడుమెత్తు పేరుకున్నాయి. గుడ్డ చుట్టిన చేతులతోనే మడత పెడుతున్నాడు. సాయం పడదామని పక్కన కూర్చున్నాను. సేఠ్ కేకేశాడు, ఇంకెవరో కస్టమర్లు. లేచి వెళ్లిపోయాను.

తెల్లారి నుంచి అన్న దుకాణానికి రాలేదు.

వారం తర్వాత వాళ్లింటికి వెళ్లాను. వదిన ఇచ్చిన చాయ్ గ్లాసును ఆయన రెండు చేతులతో పట్టుకున్నాడు. అయినా ఒలికింది. అలవాటు కొద్దీ అన్నాను: "అన్నా, ఇన్నేండ్లల్ల నా మాటకు నువ్వొక్కనివే నవ్వలే. ఇయ్యాలన్న నవ్వు."

ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"ఎట్ల నవ్వుత తమ్మీ? ఆళ్లు ఒక్కపారి నవ్వితె పది చీరలు నా ముంగట పడుతుండె. నేను గవి లెక్కవెట్టుకుంట గూసుంటి."