దుప్పటి సంగతి విడపనకల్లుకు ఎలా తెలిసింది

విడపనకల్లు బస్టాండులో దిగి నా పేరు చెప్పండి, ఎవరూ గుర్తుపట్టరు. "దుప్పటి సార్" అనండి, టీ కొట్టాయన దగ్గర్నుంచి గొర్రెలు తోలుకొచ్చే పెద్దాయన దాకా అందరూ నవ్వుతారు. ఒక్క సాయంత్రంలో, ఊళ్ళో అడుగైనా పెట్టకుండా, ఇంత పేరు సంపాదించినవాణ్ణి ఆ మండలంలో నేనొక్కడినే. అదెలా జరిగిందో చెబుతాను. మీలో కొత్తగా పెళ్ళైనవాళ్ళు, అందులోనూ కంప్యూటర్ పిచ్చి ఉన్నవాళ్ళు ఉంటే కాస్త ముందుకు జరిగి కూర్చోండి.

అప్పటికి మాకు పెళ్ళై ఏడాది కాలేదు. మా ఇల్లు రాప్తాడులో. నేను అనంతపురంలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేవాణ్ణి. నా భార్య మంజులకు విడపనకల్లులో టీచరుద్యోగం వచ్చింది. రోజూ వెళ్ళి వచ్చే దూరం కాదు. అందుకని అక్కడే ఖాదర్ బాషా అనే ఆయన ఇంట్లో మేడమీద గది తీసుకుంది. కింద ఆయన షాపు. పెళ్ళిళ్ళకు షామియానాలు, మైక్‌సెట్లు అద్దెకిస్తాడు. ఈ మైక్‌సెట్ల సంగతి మరిచిపోకండి, తర్వాత పనికొస్తుంది.

ఆదివారం తప్ప మంజుల మొహం చూసే భాగ్యం లేదు. మిగతా రోజులు ఇంట్లో నేను, కిటికీలోంచి వచ్చే దుమ్ము, హైవే మీద లారీల మోత. ఆమె లేని ఇంట్లో అన్నం సహించేది కాదు. ఆమె గాజుల చప్పుడు లేక పొద్దున మెలకువ కూడా సరిగ్గా వచ్చేది కాదు. ఈ మాట మీకు చెబుతున్నంత తేలిగ్గా ఆమెకు చెప్పలేకపోయేవాణ్ణి. అదే నా జబ్బు. ఫోన్ చేస్తే మా సంభాషణ ఇలా సాగేది:

"తిన్నావా?"

"తిన్నా."

"ఏం తిన్నావు?"

"ఉగ్గాని."

"కరెంటు ఉండాదా?"

"ఉండాది. ఇంకేమన్నా చెప్పప్పా."

"ఇంకేముండాది. జాగ్రత్త."

ఒకరోజు ఆమెకు విసుగొచ్చింది. "ఏమప్పా, మీటర్ రీడింగ్ తీసేటాయన కూడా నీకంటే ఎక్కువ మాట్లాడతాడు. నీ మనసులో ఏముండాదో నోరు తెరిచి ఒక్కసారన్నా చెప్పరాదా?"

మామూలు మనిషైతే అప్పుడు నోరు తెరుస్తాడు. నేను ల్యాప్‌టాప్ తెరిచాను.

ఆ రోజుల్లో నాకొక లైనక్స్ పిచ్చి ఉండేది. లైనక్స్ అంటే కంప్యూటర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్, అందులో బోలెడు రకాలు. మిగతా లైనక్సులు వండిన సంగటి పళ్ళెంలో పెట్టిస్తాయి. మాది అలాంటి సుకుమారం కాదు. రాగులు పోసి, విసురుకోవడానికి రాయి చూపించి, వండే పద్ధతి రాసిన కాగితం చేతిలో పెడుతుంది. ప్రతి ప్రోగ్రామునూ సోర్స్‌కోడ్ నుంచి మన కంప్యూటరే కట్టుకోవాలి. ఆ పద్ధతి రాసిపెట్టే పనినే ప్యాకేజింగ్ అంటారు. పెద్ద ప్రోగ్రామైతే కట్టడానికి రోజంతా పడుతుంది, మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటికి. లోకంలో మొగుళ్ళంతా పెళ్ళాలకు చీరలు పెడతారు. నేను మంజుల ల్యాప్‌టాప్‌లో ఈ లైనక్స్ వేసిచ్చాను.

నాకు తట్టిన ఉపాయం ఇది. పాటలు వాయించే ప్రోగ్రాము ఒకటుంది. దానికి రెండు భాగాలు. సర్వర్ పాట పాడుతుంది. క్లయింట్ మన టీవీ రిమోట్ లాంటిది, పాడమని చెబుతుందంతే, దానికి సొంత గొంతు లేదు. ఇద్దరి ల్యాప్‌టాప్‌లలోనూ రెండు భాగాలూ పెట్టి, మధ్యలో నెట్ మీద దారి వేసి, పాటల ఫోల్డర్ ఇద్దరికీ ఒకటే చేస్తే, నేను రాప్తాడులో కూర్చుని ఆమె గదిలో పాట పెట్టొచ్చు. నేను చెప్పలేనిది పాటలు చెబుతాయి. అయితే ఆ ప్రోగ్రాము మా లైనక్స్‌లో లేదు. లేకపోతే నాకేం, ప్యాకేజీ నేనే రాస్తాను!

ఆ ఆదివారం విడపనకల్లు వెళ్ళి పొద్దున్నుంచి సాయంత్రం దాకా మంజుల ల్యాప్‌టాప్ ముందే కూర్చున్నాను.

"వారానికొకసారి వస్తావు. వచ్చి దీంతో కాపురం జేస్తాండావు," అంది.

"ఇదంతా నీకోసమే కదా."

"నాకోసమైతే నా తట్టు చూడప్పా."

చూడలేదు. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే తన్నుకోవాలనిపిస్తుంది. పాపం, ఆ రోజు నీలంచీర కట్టుకుంది.

చూడకుండా నేను చేసిన ఘనకార్యాలు రెండు. మొదటిది, ప్యాకేజీలో ఒక ఏర్పాటు పెట్టాను. అడిగితే సర్వర్, క్లయింట్ రెండూ కట్టాలి. అడక్కపోతే క్లయింట్ ఒక్కటే కట్టాలి. అనవసరమైనది ఎవరి నెత్తినా రుద్దకూడదన్నది నా సిద్ధాంతం. రెండోది, పరీక్ష చేసేటప్పుడు సర్వర్ అడ్రస్ దగ్గర మంజుల ల్యాప్‌టాప్ అడ్రస్ రాసి, దాన్ని తీసేయడం మరిచి ప్యాకేజీలోనే వదిలేశాను. రాప్తాడు వచ్చాక నా ల్యాప్‌టాప్‌లో అదే ప్యాకేజీ కట్టుకున్నాను. సర్వర్ కావాలని అడగడం మరిచాను. ప్యాకేజీ రాసినవాణ్ణి నేనే, నా సిద్ధాంతం నాకే గుర్తులేదు. అంటే నా దగ్గర మిగిలింది రిమోట్ ఒక్కటే. అది మాట్లాడేది విడపనకల్లుతో.

తర్వాతి శనివారం సాయంత్రం నాకు ధైర్యం పుట్టింది. ఎవరివో పాటలెందుకు, నా గొంతుతోనే చెబుదామనుకున్నాను. ముందు రికార్డు చేసి, నేనొక్కడినే విని, బాగుంటే వినిపిద్దాం, లేకపోతే చెరిపేద్దాం. లారీల మోత రాకుండా కిటికీలు వేశాను. ఫోన్ సైలెంట్‌లో పెట్టి మంచం మీద పడేశాను. గొంతు సవరించుకున్నాను.

"మంజులా... ఊహూఁ... మంజులా, నువ్వు లేకుంటే ఈ ఇల్లు ఇల్లు మాదిరి లేదు. సంగటి చేస్తే ముద్ద కూడా రావడంల్యా. నువ్వు కప్పుకున్న దుప్పటి ఇంతవరకూ ఉతకలేదు. ఉతికితే నీ వాసన పోతాదని. ఆదివారం ఎప్పుడొస్తాదా అని చూస్తా ఉంటా. వస్తే ఏం మాట్లాడాల్నో తెలీదు. అంతే."

దాన్ని పాటల ఫోల్డర్‌లో వేసి ప్లే నొక్కాను. చప్పుడు లేదు. వాల్యూమ్ పెంచాను. లేదు. ఇంకా పెంచాను. చివరిదాకా తోశాను. నా ల్యాప్‌టాప్ మూగనోము పట్టింది. మొదట్లో ఏదో తడబడి ఉంటుంది, రెండోసారి పలుకుతుందేమోనని 'మళ్ళీ మళ్ళీ' అన్న బొత్తాం కూడా నొక్కాను. ఇయర్‌ఫోన్ తుడిచాను, ఊదాను. చివరికి విసుగొచ్చి, దాన్నలాగే వదిలేసి టీ తాగడానికి హైవే దాకా వెళ్ళాను. తీరిగ్గా తాగాను. అక్కడొకాయన కనిపిస్తే వానల గురించి, రాని వానల గురించి మాట్లాడాను.

తిరిగి వచ్చేసరికి గుమ్మంలో మంజుల! చేతిలో సంచి, జుట్టు నిండా బస్సు దుమ్ము.

"చెప్పకుండా వద్దామని మధ్యాన్నమే బయల్దేరినా," అంది.

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. నోట్లోంచి వచ్చిన మాట మాత్రం, "ల్యాప్‌టాప్ యాడ పెట్టినావు?"

"నువ్వే గదా ఆపొద్దంటివి, ఏందో కట్టుకుంటాండాదని. బాషా భాయ్ షాపులో పెట్టొచ్చినా. ఆడ ఇన్వర్టర్ ఉండాది," అంటూ లోపలికి వెళ్ళింది. గదిలోంచే అరిచింది. "ఏమప్పా, ఈ దుప్పటి నేను పోయినప్పట్నుంచి ఉతకలేదా?"

"సబ్బు అయిపోయింది."

సబ్బు కిటికీలోనే ఉంది. మంజుల సబ్బు వైపు చూసింది, నా వైపు చూసింది. అప్పుడే మంచం మీద ఫోన్ గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. ఆమే తీసి స్పీకర్‌లో పెట్టింది.

"సార్!" ఖాదర్ బాషా. "ఎన్నిసార్లు చేసినా సార్! మీరు అరుస్తానే ఉండారు, ఫోన్ మాత్రం ఎత్తరు!"

"నేనెక్కడ అరుస్తాండా?"

"ఈడ సార్, మా హారన్లలో! ఈ పొద్దు ఊళ్ళో పెళ్ళి. టెస్టింగ్ చేద్దామని మేడం ల్యాప్‌టాప్‌కు వైరు తగిలించినా. పాట వస్తాదనుకుంటే మీరు వచ్చినారు. బస్టాండు దాకా వినపడింది. దుప్పటి..."

"ఆపొచ్చు గదా బాషా!"

"మేడం ఆపొద్దన్నారు గద సార్."

"వైరన్నా పీకొచ్చు గదా!"

"పీకబోయినా సార్. మా ఇంట్లో ఆడోళ్ళు పీకనియ్యలేదు. మా అమ్మ ఒకటే ఏడుపు. పెళ్ళివాళ్ళు ఇంకోసారి పెట్టమంటాండారు. ఏం జెప్పినారు సార్, ఆ దుప్పటి ఉతికితే..."

"భాయ్, ఆగు," అంది మంజుల. "ఆ మాట నువ్వు జెప్పొద్దు. ఆయన జెప్తాడు." ఫోన్ పెట్టేసింది.

నేను పరుగున వెళ్ళి ల్యాప్‌టాప్‌లో ఆపు బొత్తాం నొక్కాను. అక్కడ విడపనకల్లు నిశ్శబ్దమైంది.

"ఊరంతా విన్నాది," అంది మంజుల. "పెండ్లికొడుకు విన్నాడు, మా హెడ్మాస్టరు విని ఉంటాడు. నేనొక్కదాన్నే బస్సులో ఉన్నా. చెప్పప్పా. ఏం జెప్పినావు?"

ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. ఇంతకంటే మంచి సమయం మగవాడి జీవితంలో రాదు. దుప్పటి ఎదురుగా ఉంది, మాటలన్నీ తయారుగా ఉన్నాయి, ఒకసారి రికార్డు చేసి సాధన కూడా అయింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. నోరు తెరిచాను.

"తిన్నావా?"

మంజుల ఆ దుప్పటి మీద కూలబడి, కడుపు పట్టుకుని, కళ్ళలో నీళ్ళు కారేదాకా నవ్వింది. తర్వాత, "తినలేదు," అంది. ఆ రాత్రి ఇద్దరం కలిసి చేసిన సంగటి చక్కగా ముద్ద అయింది. దుప్పటి మాత్రం ఆమే ఉతకనివ్వలేదు.

ఇప్పుడు మంజుల బెళుగుప్పలో హెడ్మిస్ట్రెస్. మళ్ళీ ఆదివారాల కాపురమే. నాకు జుట్టు నెరిసింది, జబ్బు మాత్రం నయం కాలేదు. నిన్న కూడా ఫోన్ చేసి తిన్నావా అనే అడిగాను. "తిన్నాలేప్పా. దుప్పటి ఎట్లుండాది?" అంది. కిటికీలోంచి దుమ్ము వస్తూనే ఉంది. ఆమె లేని సాయంత్రాలు అప్పటికంటే ఇప్పుడే ఎక్కువ పొడుగ్గా ఉంటున్నాయి.

అందువల్ల, చదివే మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. సర్వర్ ఉందో లేదో చూడకుండా ఇక జన్మలో ప్లే నొక్కను. పరీక్ష కోసం రాసిన అడ్రస్ ఏ ప్యాకేజీలోనూ వదలను. లోకం కోసం నెట్‌లో పెట్టిన ప్యాకేజీలోంచి ఆ అడ్రస్ ఆనాడే తీసేశాను.

నా ల్యాప్‌టాప్‌లో మాత్రం తీయలేదు, అది ఇప్పటికీ మాట్లాడేది బెళుగుప్పలో మంజుల ల్యాప్‌టాప్‌తోనే. ఇప్పుడే గొంతు సవరించుకుని, రికార్డు చేసి, ప్లే నొక్కాను. ఇక్కడేమీ వినపడటం లేదు.