వంటింటి వైపు నుంచి వచ్చిన గొంతు

ఈ సంగతి ఇన్నేళ్లూ ఎందుకు రాయలేదంటే, నాకు రాయడం రాదు. యాభై దాటాక మనవరాలి పలక మీద అక్షరాలు దిద్దుకున్నాను.

పెళ్లిచూపుల్లో మా నాయన నేను ఏడో తరగతి చదివానని చెప్పాడు. మిషన్ సంఘంలో చదువురాని కోడలిని ఎవరూ చేసుకోరని ఆయన భయం. అత్తగారింట్లో ప్రార్థనప్పుడు తలా ఒక బైబిలు వచనం చదవాలి. ఏ అధ్యాయమో ముందే తెలుసుకుని, మొదట్లో పక్కింటి పిల్లలతో, తర్వాత కూతురితో చదివించుకుని, కంఠతా పట్టి, పుస్తకం చూస్తూ అప్పజెప్పేదాన్ని. పన్నెండేళ్లు అలాగే గడిచాయి.

అప్పుడు గనులు జోరుగా నడుస్తున్నాయి. మా ఆయన తారానగర్‌లో ఖనిజం లారీ నడిపేవాడు. ఒక ఆదివారం, సాయంత్రం ప్రార్థనకు పాటలు పెట్టాలని బళ్లారిలో కొన్న హోం థియేటర్ విప్పాడు. ఐదు చిన్న స్పీకర్లు, ఒక పెద్ద బేస్ డబ్బా. మూడు స్పీకర్లు ముందర, రెండు మంచం వెనక వంటింటి వైపు పెట్టి, ఎలుకలు కొరకకుండా వైర్లన్నీ ఒకే పైపులో దూర్చి, తాను టీవీ బల్ల వెనక్కి పోయాడు. వైర్ల కొసలకు ఇంగ్లీషు చీటీలున్నాయి. ఏడో తరగతి చదివినదానికి ఆ మాత్రం వస్తుందని, అవి చదివి ముందువో వెనకవో చెబుతూ ఇమ్మన్నాడు.

బేస్ వైరు లావుగా ఉంది, అది ఇచ్చేశాను. మిగతావి పైపు బయట ఎంత మిగిలాయో చూశాను. ఎక్కువ మిగిలింది దగ్గర స్పీకరుది, తక్కువ మిగిలింది దూరపుది అనుకుని, చీటీ చదువుతున్నట్టే చెప్పాను. వెనక స్పీకర్ల వైర్లు ముందే పొడుగ్గా ఇస్తారని నాకేం తెలుసు?

పాట పెట్టాడు. బేస్ ముందు నుంచే దడదడలాడింది. పాడే గొంతు మాత్రం మంచం మీద కూర్చున్న మా అత్త వీపు వెనక నుంచి వచ్చింది.

"ఏమప్పా, పాడే ఆయమ్మ మన వంటింట్లో దూరిండాది" అందామె.

ఆయన ఒక వైరు పీకి చీటీ చూశాడు. దాన్ని నా చేతిలో పెట్టాడు.

"మళ్లీ చదువు."

కళ్లు మసకగా ఉన్నాయనబోయి మానుకున్నాను.

"నాకు చదవనీకి రాదు" అన్నాను.

ఆయన పాట ఆపేశాడు.

"మీ నాయన ఏడో తరగతి అనె?"

"ఒకటో తరగతి కూడా లేదు."

మరి ఇన్నేళ్లూ వచనాలు ఎట్లా చదివావని మా అత్త అడిగింది. చెప్పాను. "నాకన్నా ఎక్కువే కంఠతా పట్టినావే" అంది. ఆయన నవ్వలేదు.

"రేపు మధ్యాన్నం మోకకు పోతా. మీ నాయన్ను సంఘంలో నలుగురి ముందర అడుగుతా."

మోక నా పుట్టినూరు, మా నాయన అక్కడ సంఘపెద్ద. ఆ సాయంత్రం నా వంతు వచనం కూడా మా అత్తే చదివింది. నేను ఒక్క మాటా వినలేదు.

మరునాడు మొదటి బస్సెక్కి, బళ్లారిలో మారి మోకకు పోయాను. మా నాయన మిరప చేనులో ఉన్నాడు. అంతా విని, బడి కాగితాలు కాలిపోయాయని చెబుతానన్నాడు.

"ఇంకోటి కల్పించొద్దు నాయనా. అబద్ధం చెప్పినానని చెప్పు. నేను ఈడే ఉంటా."

మా ఆయన వచ్చేదాకా గట్టు మీద నాయన పక్కనే కూర్చున్నాను.