అరచేతి కింద ఇంగ్లీషు

మలేషియాలో, క్లాంగ్ ఊరెళ్లే బస్సులో అమ్మకి నా మీద కోపమొచ్చింది. నేను బొమ్మలేసిన, ఇంకా అచ్చవని పిల్లల పుస్తకంలో ఇంగ్లీషు పెద్దగా పైన, తెలుగు చిన్నగా కింద ఉంది.

"మన మాటని అడుక్కి తోసేసినావేటి?"

"పిల్లలు సదవాల కదా లా!" ఇక్కడోళ్ల 'లా' తగిలించి కసిరాను.

పక్కసీటు ఐర్లండావిడ ఐరిష్‌లో, ఇంగ్లీషులో పిల్లల పుస్తకాలు రాసి, బొమ్మలూ తనే వేస్తుందట. నా పుస్తకంలో ఒక పేజీ అడిగి తీసుకుంది.

"రెండూ కనబడితే పిల్లలు తేలికైనదే చదువుతారు. నా మొదటి పుస్తకం అలాగే పాడైంది," అని ఇంగ్లీషు మీద అరచేయి పెట్టి, నా ఒళ్లో ఉన్న కూతురి ముందు పట్టుకుంది.

తెలుగు అర్థమైనా తెలుగులో నోరు విప్పని పిల్ల. పిల్ల ఆ చేతిని లాగబోయింది. ఆవిడ కదల్లేదు.

చివరికి పిల్ల కింది తెలుగు మీద వేలు పెట్టి మా అమ్మ వైపు తిరిగింది.

"అమ్మమ్మా, ఇదేటి?"

అచ్చైన పుస్తకంలో ఇంగ్లీషు ఆఖరి పేజీలో ఉంది. మా పిల్ల ఇంకా అక్కడిదాకా వెళ్లలేదు.