గుమ్మం బయటి చెప్పులు

అమలాపురంలోని ఆ అపార్ట్‌మెంట్‌లో తగువొస్తే రిటైరైన సువార్తమ్మ టీచరుగారు కూర్చుని తీర్పు చెప్పరు. కళ్లజోడు కొంగుతో తుడుచుకుని, మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి, స్వయంగా చూసొస్తారు. మూడో అంతస్తులోని కూతురింటికని వచ్చిన శ్యామ్ బాబు, పొరపాటున రెండో అంతస్తులో దుర్గాప్రసాద్ ఇంట్లోకి వెళ్లిన రోజు కూడా అంతే. "దొంగండీ! మెడపట్టి గెంటేసేను. పోలీసులకి అప్పజెప్తాను," అన్నాడు దుర్గాప్రసాద్. కింద శ్యామ్ బాబు ఉత్తికాళ్లతో తలదించుకుని నిలబడ్డాడు. టీచరుగారు రెండో అంతస్తుకెక్కి దుర్గాప్రసాద్ గుమ్మం దగ్గర వంగి చూశారు. పక్కపక్కనే పొందికగా విప్పిన పాత చెప్పులు.

"ఇవెవరివండీ?"

"ఆయ్, అతనివేనండి."

"దొంగతనానికొచ్చినవాడు గుమ్మం బయట చెప్పులు విప్పుతాడాండీ?"

దుర్గాప్రసాద్ గొంతు తగ్గింది. "సరే, కంప్లయింటు ఇవ్వన్లెండి."

"అది సరిపోదండీ. ఆయన్ని ఉత్తికాళ్లతో గెంటింది మీరు. మీ చేత్తోనే పట్టుకెళ్లి ఇవ్వండి."

అతను వంగి ఆ చెప్పులు అందుకునేదాకా ఆవిడ మెట్టు దిగలేదు.