చుక్కాని నా చేతికొచ్చిన రోజు

ఎనభైల్లో మాట. పెళ్ళైన మూడో వారం. మా ఆయనకు సెలవు దొరక్కపోవడంతో అత్తగారూ నేనూ ఇద్దరమే బాపట్ల నుంచి బయల్దేరాం. కృష్ణ అవతలి ఒడ్డున చుట్టాలమ్మాయి ప్రధానం. వంతెన ఇంకా లేదు. రేపల్లెలో బస్సు దిగి, రేవుకెళ్ళి పడవెక్కాలి. అత్తగారు రిటైరైన హెడ్మిస్ట్రెస్. ఆవిడ నవ్వగా నేనింకా చూడలేదు. నేను తెనాలిలో పిల్లలకు ఫిజిక్స్ చెబుతుండేదాన్ని. ఆ గర్వం కాస్త ఉండేది.

పడవలో మేమిద్దరం, తెడ్లు వేసేవాళ్ళిద్దరు, వెనక చుక్కాని పట్టుకున్న పెద్దాయన. నా నోరు ఊరుకోలేదు.

"చుక్కాని ఎలా పనిచేస్తుందో మొన్ననే క్లాసులో చెప్పాను బాబాయ్."

"అయితే రామ్మా, పట్టు. ఆ ఇసుక తిన్నెకి కుడిపక్కగా పోనియ్యి" అంటూ ఆయన పిడి నా చేతికిచ్చాడు.

కుడికి వెళ్ళాలి కదా అని పిడిని కుడికి నెట్టాను. పడవ ఎడమకు తిరిగింది. కంగారుపడి ఇంకా గట్టిగా నెట్టాను. ఇంకా ఎడమకే! తిన్నె పక్కకు పోయింది, మేం ఎక్కిన రేవు ఎదురుగా వచ్చింది, అదీ పోయి మళ్ళీ తిన్నె వచ్చింది. నది మధ్యలో గుండ్రంగా తిరుగుతున్నాం.

"ఏంటమ్మాయ్, మళ్ళీ బాపట్ల పోదామనా?" అన్నారు అత్తగారు. అని, పకపకా నవ్వేశారు. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేంత నవ్వు. తెడ్లవాళ్ళూ పని ఆపి నవ్వారు. పడవ నిలిచిపోయింది. పిడిని ఎంత ఊపినా ఉలకలేదు.

"నడవని పడవకి చుక్కాని ఉత్త చెక్కమ్మా" అన్నాడు పెద్దాయన. "నీళ్ళు దాన్ని ఒరుసుకుంటా పోవాల. నువ్వు పిడి కుడికి నెడితే కింద చెక్క ఎడమకి పోద్ది. దాన్ని నీళ్ళు కుడికి తోస్తాయి. తోక కుడికి జరిగితే ముక్కు ఎడమకి తిరుగుద్ది. పడవని తిప్పేది ఎనకనించే."

బోర్డు మీద బాణాలతో నేను గీసింది అదే. ఆ తోపు అరచేతికి తెలియడం మాత్రం అదే మొదలు. తెడ్లు మళ్ళీ పడ్డాయి. పిడిని ఈసారి ఎడమకు, కొంచెమే నెట్టాను. పడవ వెనకభాగం నా కింద మెత్తగా జారింది, ముక్కు కుడికి మళ్ళింది.

"తిరిగింది! తిరిగింది!" అని చిన్నపిల్లలా అరిచాను.

ఒడ్డు చేరినా అత్తగారు దిగలేదు. "ఇంకో చుట్టు వేద్దామా బాబూ? ఈసారి నాకివ్వండి" అని పట్టుచీర కొంగు నడుముకు దోపారు. ఆవిడ రెండు చుట్లు తిప్పారు, రెండూ కావాలనే.

మేం చేరేసరికి ఉంగరాలు మార్చుకోవడం అయిపోయింది. ఎందుకింత ఆలస్యమని అందరూ అడిగారు.

"పడవ మాట వినలేదండి" అన్నారు అత్తగారు, నా వైపు చూడకుండా. చూస్తే ఇద్దరం అక్కడే కూలబడి నవ్వేవాళ్ళం.