హక్కు ఆమెదని రాసిన సార్

మొన్న పొద్దున్నే కోరుట్ల నుంచి మా మరిది ఫోన్ చేశాడు. "వదినె, మన ట్యాక్సు సారు పోయిండు," అన్నాడు. జగిత్యాలలో మా వంటింట్లో నేను పొయ్యి ముందు అట్లాగే నిలబడిపోయాను. చాయ పొంగిపోయింది.

మీలో చాలామందికి ఆయన రిటర్నులు వేసే సార్‌గానే తెలుసు. నా సంగతి వేరు. మా బిడ్డకు ఇరవై దాటాయి. మాట రాదు, తన పనులు తాను చేసుకోలేదు. మేం పోయాక దీని గతేమిటని ఏడ్వని రోజు లేదు నాకు. మా ఆయన గల్ఫ్ ఎండల్లో మాడి కోరుట్లలో రెండు మడిగెలు, అంటే దుకాణాల గదులు, కొన్నాడు. వాటిని ట్రస్టులో పెట్టి, నేనూ మరిదీ ట్రస్టీలుగా ఉందామని సార్ దగ్గరికి వెళ్లాం.

"కిరాయి ఎవలికెంత ఇయ్యాల్నో ట్రస్టీల ఇష్టమని రాయుండ్రి సార్. ఆమెతోని పాటు నా పిల్లల పేర్లు గూడ పెట్టుండ్రి," అన్నాడు మరిది. ఒక మడిగెలో బట్టల దుకాణం అతనిదే మరి!

సార్ నెమ్మదిగా కళ్లజోడు తుడుచుకున్నారు. "ఇష్టం నీదైతే సర్కారు అన్నిటికన్న పెద్ద రేటు పన్నేస్తది. మొత్తం ఆ బిడ్డ వాటానే అని రాస్తే ఆమెకు పడే రేటే. గింత కిరాయికి ఆమెకు పన్నే పడది. చెప్పు, ఎట్ల రాయాలె?"

నేను నోరు తెరుచుకుని చూశాను. చట్టం ఇట్లా కూడా ఆలోచిస్తుందా! మాట రాని పిల్ల హక్కును తేల్చి చెబితే పన్ను దాని జోలికే రాదట. మరిది మొహం మాడ్చుకున్నాడు గానీ, పన్ను మాట వినగానే దిగొచ్చాడు మహానుభావుడు.

ట్రస్టు పత్రం చిత్తుప్రతి పట్టుకుని సార్ మా ఇంటికే వచ్చారు. మాకు చదివి వినిపిస్తారనుకున్నాను. ఆయన నేరుగా వెళ్లి మా బిడ్డ ముందు చాప మీద కూర్చున్నారు. "బిడ్డా, గిది నీది. ఇను," అని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టారు. నడుమ నడుమ ఆగి "మంచిగున్నదా?" అంటారు. అది నవ్వుతుంది. మళ్లీ చదువుతారు.

"దానికేం సమజైతది సార్?" అన్నాడు మరిది.

"నీకు మొత్తం సమజయ్యే సంతకం పెడ్తున్నవా? ఆమె సొమ్ము గురించి ఆమెకు చెప్పకుంటె ఎట్ల?"

తర్వాత నా వైపు తిరిగి, "ఈమెకు ఏమంటె ఇష్టమమ్మా?" అని అడిగారు. బస్సులో కిటికీ పక్కన కూర్చోవడం అన్నాను. తిండి, బట్టలు, మందుల ఖర్చుల కిందే "ఏటా వేములవాడకు బస్సు ప్రయాణం" అని చేర్చారు. దాని జబ్బేమిటని అడిగినవాళ్లే తప్ప, ఇష్టమేమిటని అడిగినవాళ్లను నేను చూడలేదు.

ఆఖరి చూపుకు దాన్ని తీసుకుపోవాలా వద్దా అని నేను వెనకాడాను. మరిదే వచ్చి బండెక్కించాడు. తీరా వెళ్లి చూద్దును కదా, సార్ వాకిట్లో చక్రాల కుర్చీలో సిరిసిల్ల నుంచి వచ్చిన ఓ పిల్లవాడు, మల్లాపూర్ నుంచి వచ్చిన చూపు లేని ఓ అవ్వ, ఇంకా అట్లాంటివాళ్లు ఎందరో! చుట్టాలొస్తే లోపలి గదిలో ఉంచే మనుషులందరినీ ఆ రోజు ఇంటివాళ్లే బయటికి తీసుకొచ్చారు. వీళ్లందరి ముందూ ఆయన చాప మీద కూర్చుని చదివారన్నమాట. దుఃఖం కంటే ముందు నాకు దండం పెట్టాలనిపించింది.

ఎవరో పెద్దావిడ మా బిడ్డను ఎగాదిగా చూసి, "ఎవలీమె?" అంది.

మరిది దాని చెయ్యి వదలలేదు. "మా అన్న బిడ్డ. నా దుకాణం మడిగె ఈమెదే. నేను కిరాయికుంటున్న," అన్నాడు.

ఆవిడ పక్కకు జరిగి, మా బిడ్డకు ముందు దారిచ్చింది.