గాజుల పెట్టెల పాఠం

బళేపేటలో గాజుల అంగడి నడిపే నంజమ్మ కూతురు మంజుల 2003లో కంప్యూటర్ నెట్‌వర్కింగ్ పరీక్ష తప్పింది. కుందలహళ్ళిలోని కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం ఆ పరీక్ష మీదే ఆధారపడి ఉంది. మంజుల చేరిన చోటులా శిక్షణ పేరిట జవాబుల కట్టలు అమ్మి బట్టీ పట్టించే సంస్థలున్నంతకాలం ఆ తప్పు పిల్లలది కాదు. మంజుల మార్కుల కాగితాన్ని అంగడి అద్దానికి అంటించింది. బేరాల్లేని మధ్యాహ్నాలు ఖాళీ గాజుల పెట్టెలను కంప్యూటర్లుగా పరిచి, దారాలతో కలిపి, ఒకటి తెంచి, సమాచారం ఎటు పోతుందో పుస్తకం మూసి తల్లికి వివరించేది.

"ఒక దారి తెగితే ఇంకోదాంట్లో సుట్టుకోని పోతాది, అంతే గదమ్మే?" అని నంజమ్మ తిరిగి చెప్పగలిగితేనే మంజుల పెట్టెలు సర్దేది.

రెండోసారి నెగ్గింది. ఆమె మొదట చేరిన శిక్షణ సంస్థ యజమాని తన బోర్డు మీద వేసుకోవడానికి ఆమె ఫోటో కోసం వచ్చాడు. మంజుల అద్దం మీది పాత మార్కుల కాగితాన్ని ఊడదీసి అతని చేతిలో పెట్టింది.

"మీరు నేర్పించింది దీంట్లో ఉండాదప్పా. దీన్ని ఏసుకోండి."